రాగి రంగు తుపాకిలో చెకుముకి రాయి

చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది. రాగి రంగు పూసిన రేకు. వెనుక లావుగా మొదలై ముందుకు పోనుపోను సన్నబడే గొట్టం, దాని చుట్టూ ఉంగరాల్లాంటి రెక్కలు, పైన చిన్న కిటికీ. ట్రిగ్గర్ నొక్కితే ఆ కిటికీలో నిప్పురవ్వలు మెరుస్తాయి. 1935లో అమెరికాలోని డైసీ కంపెనీ ఈ బొమ్మకు పెట్టిన పేరు ఎక్స్‌జెడ్-38 డిసింటిగ్రేటర్ పిస్టల్. అంటే, ఎదుట ఉన్న వస్తువును అణువణువుగా విడగొట్టి మాయం చేసే తుపాకి. కథ ప్రకారం ఇది 25వ శతాబ్దపు ఆయుధం. విప్పి చూస్తే లోపల ఉన్నవి చెకుముకి రాయి, గరుకు చక్రం, స్ప్రింగు. సిగరెట్ లైటర్లో ఉండే సరంజామా.

ఆ రాయి కూడా కొండల్లో దొరికే చెకుముకి కాదు. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫోన్ వెల్స్‌బాఖ్ 1903లో పేటెంటు పొందిన మిశ్రమలోహం, ముఖ్యంగా ఇనుము, సీరియం కలిసినది. గరుకు చక్రానికి రాసుకున్నప్పుడు రాలే సన్నని పొడి గాలి తగలగానే మండుతుంది, అదే రవ్వ. మన తిరునాళ్ళలో ఒకప్పుడు దొరికిన రవ్వలు చిమ్మే రేకు బొమ్మలదీ ఇదే కిటుకు. వాటిని ఆడించడానికి కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూసిన తరం మాది. అందుకే ఆ అమెరికా పిల్లల సంబరం నాకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

ఈ పాత కిరణ తుపాకులను భవిష్యత్తును ముందే ఊహించిన వస్తువులని మెచ్చుకోవడం పరిపాటి. నేను వాటిని అలా చదవను. తయారైన సంవత్సరంలో జనం కంటికి కనబడని ఏ శక్తిని చూసి అబ్బురపడ్డారో, దేనికి జడిసారో, అది ఆ రేకు మీద నమోదై ఉంది. భవిష్యత్తు గురించి అవి చెప్పిన మాటల్లో చాలావరకు తప్పులే. ఒకే ఒక్క సంగతి మాత్రం, తయారుచేసినవారికి కూడా తెలియకుండా, నిజమైంది. ఆ చిక్కుముడి విప్పడానికే ఈ వ్యాసం.

గాలిమరల నుంచి గ్రహాల దాకా

డైసీ కంపెనీ పుట్టింది 1882లో, మిషిగన్ రాష్ట్రంలోని ప్లిమత్ అనే ఊళ్ళో. మొదట్లో తయారుచేసింది బొమ్మలు కాదు, పొలాలకు ఇనుప గాలిమరలు. 1888 ప్రాంతంలో గాలిమర కొన్న రైతుకు కానుకగా గాలి తుపాకి ఇవ్వడం మొదలుపెట్టారు. జనం తుపాకినే ఎక్కువ ఇష్టపడ్డారు, గాలిమర వెనకబడింది. 1895లో కంపెనీ తన పేరునే ఆ తుపాకి పేరుకు మార్చుకుంది. రేకును అచ్చులో వేసి నొక్కడం, గాలిని బంధించి ఒక్కసారిగా వదలడం ఈ కంపెనీకి వెన్నతో పెట్టిన విద్యలు.

ఇంకోవైపు 1928 ఆగస్టులో ఫిలిప్ నోలన్ రాసిన ఒక కథ పత్రికలో అచ్చయింది. అందులో కథానాయకుడు బొగ్గుగనిలో రేడియోధార్మిక వాయువు కమ్మి స్పృహ తప్పుతాడు. కళ్ళు తెరిచేసరికి 2419వ సంవత్సరం. గుహలో యుగాల తరబడి నిద్రపోయిన ముచికుందుడు మనకు తెలుసు కాబట్టి ఈ మలుపు కొత్తగా అనిపించదు. కొత్తదనమల్లా నిద్రకు కారణంలో ఉంది. మనవాడికి దేవతల వరం, వాళ్ళవాడికి రేడియోధార్మికత. 1929 జనవరి 7 నుంచి ఈ కథ బక్ రోజర్స్ పేరుతో రోజువారీ బొమ్మల కథగా పత్రికల్లో మొదలైంది. పిల్లలు దానికి అతుక్కుపోయారు.

1934లో ఈ రెండు దారులు కలిశాయి. డైసీ ఎక్స్‌జెడ్-31 రాకెట్ పిస్టల్ తెచ్చింది. వెల 50 సెంట్లు. మహామాంద్యంలో తండ్రులకు పనులు లేని రోజుల్లో ఒక బొమ్మకు అది చిన్న మొత్తం కాదు. అయినా న్యూయార్క్‌లోని మేసీస్ దుకాణం ముందు జనం బారులు తీరారు. ఆ తుపాకి చేసేదల్లా చప్పుడు. మరుసటి ఏడాది రవ్వలు రాల్చే డిసింటిగ్రేటర్, 1936లో ఎక్స్‌జెడ్-44 లిక్విడ్ హీలియం పిస్టల్ వచ్చాయి. హీలియంను ద్రవంగా మార్చడం 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ సాధించిన ఘనత. సున్నాకు కింద 269 డిగ్రీల చలి. పిల్లలు తుపాకిలో నింపినవి కుళాయి నీళ్ళు. మూడేళ్ళలో మూడు తుపాకులు, లోపల చూస్తే గాలి, రాయి, నీరు. పేర్లు మాత్రం ప్రయోగశాలల నుంచి వచ్చినవి.

గొర్రెకు వెయ్యి పౌండ్లు

కిరణంతో చంపవచ్చు అన్న ఊహ పిల్లల లోకానిది కాదు. 1895 నవంబరులో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌గెన్ ఎక్స్-కిరణాలను కనిపెట్టాడు. కొద్ది వారాల్లోనే చేతి ఎముకల ఫోటో ప్రపంచమంతా చూసింది. 1898లో క్యూరీ దంపతులు రేడియం అనే రేడియోధార్మిక మూలకాన్ని ప్రకటించారు. కంటికి కనబడకుండా మాంసంలోంచి దూసుకుపోయేవి, చీకట్లో వాటంతట అవే వెలిగేవి ఈ లోకంలో ఉన్నాయని అప్పుడే తేలింది. ఇంగ్లండ్‌లో హెచ్.జి.వెల్స్ 1897లో ధారావాహికగా రాసిన నవలలో అంగారక గ్రహవాసుల చేతికి ఉష్ణకిరణం ఇచ్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళూ ఈ ఊహ పత్రికల్లో నలిగింది. 1924లో హ్యారీ గ్రిండెల్ మాథ్యూస్ అనే బ్రిటిష్ ఆవిష్కర్త తన దగ్గర ఇంజన్లను ఆపే కిరణం ఉందన్నాడు. మేము చెప్పిన షరతుల మీద చేసి చూపించమని ప్రభుత్వం అడిగితే ఒప్పుకోలేదు.

ఇక 1934 జులై. తన 78వ పుట్టినరోజు సందర్భంగా విద్యుత్ రంగంలో పేరుమోసిన ఆవిష్కర్త నికోలా టెస్లా న్యూయార్క్ పత్రికల వారిని పిలిచి, 250 మైళ్ళ దూరం నుంచి 10,000 శత్రు విమానాలను కూల్చగల పుంజాన్ని రూపొందించానని చెప్పాడు. డైసీ రాకెట్ పిస్టల్ అమ్మకానికి వచ్చిన ఏడాదే ఇది. అంటే ఆ ఏడాది అమెరికాలో పిల్లవాడి చేతి బొమ్మా, తండ్రి చేతి దినపత్రికా ఒకే మాట చెబుతున్నాయి. టెస్లా దాన్ని నిర్మించలేదు. కానీ ఒక విషయంలో పత్రికల కంటే ముందున్నాడు. కిరణాలు దూరం పెరిగేకొద్దీ పరుచుకుపోయి బలహీనపడతాయి కాబట్టి పనికిరావని, తనవి అతివేగంగా విసిరే సూక్ష్మకణాలని పట్టుబట్టి చెప్పాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీనితో మనకు పని ఉంది.

నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ప్రియమైన ఘట్టం అట్లాంటిక్ అవతలి ఒడ్డున జరిగింది. బ్రిటిష్ వైమానిక మంత్రిత్వ శాఖ మృత్యుకిరణం పుకార్లతో విసిగి, 100 గజాల దూరం నుంచి ఒక గొర్రెను కిరణంతో చంపి చూపించినవారికి 1000 పౌండ్లు ఇస్తామంది. ఆ డబ్బు ఎవరూ గెలవలేదు. 1935 మొదట్లో అధికారులు స్లావ్ పట్టణంలోని రేడియో పరిశోధన కేంద్రం అధిపతి రాబర్ట్ వాట్సన్-వాట్‌ను సూటిగా అడిగారు. రేడియో తరంగాలతో ఇది కుదురుతుందా? ఆయన తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు ఒక కాగితం ముక్క అందించాడు. దాని మీద ఆయుధం ఊసే లేదు. 5 కిలోమీటర్ల దూరంలో, కిలోమీటరు ఎత్తున, 8 పింట్ల నీటిని 98 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి 105 డిగ్రీలకు వేడిచేయడానికి ఎంత రేడియో శక్తి కావాలి? అంతే ప్రశ్న. విల్కిన్స్ కళ్ళకు కట్టింది. ఎనిమిది పింట్లంటే నాలుగున్నర లీటర్లు, మనిషి ఒంట్లోని నెత్తురు. 98 ఆరోగ్యవంతుడి ఒంటివేడి, 105 ప్రాణాంతకమైన జ్వరం. పైలట్ నెత్తురును ఉడికించడం ఎలాగన్నది అసలు ప్రశ్న.

విల్కిన్స్ లెక్క వేశాడు. అంత శక్తి పుట్టించే యంత్రం ఎక్కడా లేదు, కుదరదన్నాడు. మరి వైమానిక శాఖకు మనం చేయగల సాయం ఏమిటని వాట్సన్-వాట్ అడిగినప్పుడు, విమానాలు దగ్గరగా ఎగిరినప్పుడు రేడియో సంకేతాలు చెదురుతున్నాయని తపాలా శాఖ ఇంజనీర్లు గమనించిన సంగతి విల్కిన్స్‌కు గుర్తుకొచ్చింది. విమానాన్ని కూల్చలేకపోవచ్చు, అది ఎక్కడుందో తెలుసుకోవచ్చు కదా? 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ దగ్గర బీబీసీ ప్రసారకేంద్రం తరంగాలు ఒక హేఫోర్డ్ బాంబర్ విమానానికి తగిలి తిరిగి రావడాన్ని వాళ్ళు తెర మీద చూశారు. రాడార్‌కు బ్రిటన్‌లో నాంది అదే. చంపే కిరణం కోసం వేసిన లెక్క తప్పిపోయి, చూసే కిరణం చేతికందింది. అదే ఏడాది డిసింటిగ్రేటర్ బొమ్మ దుకాణాల్లోకి వచ్చింది.

బొమ్మ దాచిన మూడు లెక్కలు

వాట్సన్-వాట్ నీళ్ళతో వేసిన ప్రశ్నను మనమూ వేసుకుందాం. ఎదుట ఉన్నది మనిషంత బరువున్న నీరు, అంటే 70 లీటర్లు. 37 డిగ్రీల దగ్గర ఉన్న ఆ నీటిని మొత్తం ఆవిరి చేయాలంటే లీటరుకు సుమారు 25 లక్షల జౌళ్ళ శక్తి కావాలి. అన్నీ కలిపితే దాదాపు 49 యూనిట్ల కరెంటు. మన ఇంటి మీటర్లో తిరిగే యూనిట్లే ఇవి. ఫోన్ల బ్యాటరీలతో ఇవ్వాలంటే సుమారు 2,500 ఫోన్లు కావాలి. కథల్లో ఈ పని ఒక్క సెకనులో అయిపోతుంది. సెకనులో అంటే 17 కోట్ల వాట్లకు పైగా సామర్థ్యం, ఒక విద్యుత్ కేంద్రం పెట్టు. అదంతా పిడికిట్లో ఇమిడే పిడిలోంచి రావాలి. శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్నది బొమ్మ అడగనివ్వని మొదటి ప్రశ్న.

రెండోది మొన. పాత కిరణ తుపాకుల్లో చాలావాటి గొట్టం చివర సూదిలా సన్నబడుతుంది. ఈటె, బాణం, సూది మన చేతికి నేర్పిన పాఠం అది: సన్నని మొన అయితేనే లోతుగా దిగుతుంది. వెలుగు ఈ పాఠం వినదు. ఎంత ఇరుకైన ద్వారంలోంచి బయటికొస్తే అంత ఎక్కువగా విచ్చుకోవడం తరంగాల స్వభావం. టెస్లా చెప్పిన పరుచుకోవడానికి అసలు కారణాల్లో ఇదొకటి. నేడు ఆయుధాలకు వాడే పరారుణ లేజర్ కాంతిని ఒక సెంటీమీటరు ద్వారంలోంచి పంపితే, మూడు కిలోమీటర్ల దూరం చేరేసరికి అది 70 సెంటీమీటర్ల వెడల్పు మచ్చగా మారుతుంది. గుచ్చాల్సిన కిరణం దుప్పటిలా పరుచుకుంటుంది. అదే కాంతిని 30 సెంటీమీటర్ల అద్దం నుంచి పంపితే అక్కడ మచ్చ వెడల్పు రెండున్నర సెంటీమీటర్లే. గాలిలోని వేడి, దుమ్ము, తేమ చేసే చెరుపు దీనికి అదనం. కిరణ తుపాకి నోరు టెలిస్కోపులా విశాలంగా ఉండాలి. బొమ్మల శిల్పులు సరిగ్గా తలకిందులుగా గీశారు.

మూడోది రెక్కలు, నేను మొదట్లో చెప్పిన ఆ ఒక్క నిజం. గొట్టం చుట్టూ ఉంగరాల్లా పేర్చిన ఆ పలుచని రెక్కలను డిజైనర్లు ఎక్కడి నుంచో ఊహించి తేలేదు. గాలితో చల్లబడే మోటారుసైకిల్, విమానం ఇంజన్ల మీద 1930లలో అందరూ రోజూ చూసినవే. హైటెన్షన్ స్తంభాల మీది పింగాణీ గిన్నెల వరసను తలపించేవి మరికొన్ని. ఆధునికంగా కనబడటం కోసం తెచ్చి అతికించారు, రేకు బొమ్మలో చల్లార్చడానికి వేడి ఏదీ లేదు. కానీ నేటి లేజర్ ఆయుధ నిర్మాతను నిద్రపోనివ్వని సమస్య అదే. సన్నని గాజు తీగలో కాంతిని పెంచే ఫైబర్ లేజర్లతో కట్టిన ఆయుధం తనకు ఇచ్చిన కరెంటులో మూడో వంతునే కాంతిగా మారుస్తుందనుకుందాం. 30 కిలోవాట్ల కిరణం బయటికి వస్తుంటే సుమారు 60 కిలోవాట్ల వేడి యంత్రంలోనే మిగులుతుంది. దాన్ని క్షణక్షణం తోడి పారబోయకపోతే ముందు కాలేది తుపాకి. అలంకారానికి పెట్టిన రెక్క ఈ ఊహలన్నిటిలోకీ నిజానికి దగ్గరగా నిలిచింది.

ఇక్కడ మన అస్త్రాలు గుర్తుకు రాకుండా ఉండవు. అప్పుడే మనకు లేజర్లు ఉన్నాయని వాదించడం నా ఉద్దేశం కాదు, ఆ వాదన మీద నాకు నమ్మకం లేదు. నాకు ఆసక్తి కలిగించేది ఊహల్లో ఉన్న తేడా. భారతంలో అస్త్రానికి మంత్రం కావాలి, గురువు ఉపదేశం కావాలి, ఉపసంహారం తెలిసి ఉండాలి. సౌప్తిక పర్వంలో అర్జునుడు బ్రహ్మాస్త్రాన్ని వెనక్కి తీసుకోగలిగాడు, అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. కథ అంతా ఆ తేడా మీదే నడుస్తుంది. కిరణ తుపాకి ఊహలో ఆ తెలివి అంతా డబ్బాలో పెట్టి మూసేశారు. ట్రిగ్గర్ ఎవరు నొక్కినా పనిచేస్తుంది. 50 సెంట్లకు దొరికే బ్రహ్మాస్త్రం, ఉపసంహారం లేకుండా. కర్మాగారాల యుగం తప్ప మరేదీ కనలేని కల అది.

పేరు మారిన తుపాకి

యుద్ధం వచ్చాక అమెరికాలో లోహపు బొమ్మల తయారీకి ఆంక్షలు పడ్డాయి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద పడిన బాంబులో ఉన్నది యురేనియం-235. మరుసటి ఏడాది ప్రాంతంలో డైసీ తన పాత డిసింటిగ్రేటర్‌ను మళ్ళీ విడుదల చేసింది. అదే ఆకారం, అదే రవ్వల కిటికీ. కొత్త పేరు యు-235 అటామిక్ పిస్టల్. ఆ వెంటనే యు-238 కూడా వచ్చింది.

ఈ సంగతి మొదటిసారి తెలిసినప్పుడు చాలాసేపు ఆ బొమ్మ ఫోటో చూస్తూ ఉండిపోయాను. తయారీదారులు క్రూరులని అనుకోను. వాళ్ళు 1934 నుంచి చేస్తున్న పనే చేశారు. ఆ ఏడాది అందరి నోట నానుతున్న కనబడని శక్తి ఏదో చూసి, దాని పేరు రేకు మీద రాశారు. ఇదివరకు ఆ మాటలు ప్రయోగశాలలోని అద్భుతాలవి. ఈసారి ఆ మాట వెనుక ఒక నగరం ఉంది. 1954లో పెన్సిల్వేనియాలోని హబ్లీ కంపెనీ తెచ్చిన అటామిక్ డిసింటిగ్రేటర్ జింకు పోతపోసిన అందమైన బొమ్మ. అది లోపల దీపావళికి మన పిల్లలు పేల్చే రీలు తుపాకే.

జపాన్‌లో ఏమైందో కూడా చెప్పాలి. ఓడిపోయిన దేశంలో ముడిసరుకు లేదు. అమెరికా సైనికులు తిని పారేసిన ఆహారపు డబ్బాల రేకును సాపు చేసి, కోసి, బొమ్మలుగా వంచారు. విదేశాలకు పంపే సరుకు మీద 1952 దాకా ఆక్రమిత జపాన్‌లో తయారైనదని ముద్ర ఉండేది. 1950లలో ఆ పరిశ్రమ వికసించింది. చదును రేకు మీద ముందే రంగురంగుల రాకెట్లు, గ్రహాలు అచ్చువేసి, ఆ తర్వాత అచ్చులో నొక్కి, అంచుల్లోని చిన్న నాలుకలను గాడుల్లో దూర్చి మడిచి బొమ్మ కట్టేవారు. అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ పనితనం ముందు ఎవరైనా తల వంచాల్సిందే. అలా వచ్చిన రవ్వల తుపాకుల్లో కొన్నిటి మీద 'అటామిక్' అన్న అక్షరాలు ఉన్నాయి. జపాన్ చేతులు చేసి, అమెరికా పిల్లలకు పంపినవి.

వెడల్పు నోరు

1960 మే 16న కాలిఫోర్నియాలో థియోడర్ మైమన్ చిన్న కెంపు కడ్డీతో మొదటి లేజర్‌ను వెలిగించాడు. జులైలో పత్రికల వారికి చెప్పగానే వాళ్ళు అడిగింది మృత్యుకిరణం గురించి. ఏడాదిన్నర తిరగకముందే, 1961 డిసెంబరులో, న్యూయార్క్‌లో వైద్యులు కెంపు లేజర్‌తో ఒక రోగి కంటి రెటీనా మీది కణితిని తొలగించారు. బొమ్మల కంపెనీలకు కొత్త పేరు దొరికింది. అటామిక్ వెళ్ళి లేజర్ వచ్చింది, రేకు వెళ్ళి ప్లాస్టిక్ వచ్చింది, రాయి స్థానంలో బ్యాటరీ బల్బు చేరింది.

చేతిలో పట్టుకునే లేజర్ నిజంగా మనిషికి ఏం చేయగలదో బొమ్మ ఎన్నడూ చెప్పలేదు. అది మాయం చేయలేదు. గుడ్డివాణ్ణి చేయగలదు, సులువుగా. కంటిలోని కటకమే ఆ కాంతిని పోగుచేసి రెటీనా మీద చుక్కగా పెడుతుంది. అందుకే శాశ్వతంగా చూపు పోగొట్టేందుకు తయారుచేసే లేజర్ ఆయుధాలను 1995 అక్టోబరులో ప్రపంచ దేశాలు ఒక ప్రోటోకాల్ ద్వారా నిషేధించాయి, 1998 జులైలో అది అమల్లోకి వచ్చింది. యుద్ధరంగంలో విరివిగా వాడకం మొదలుకాకముందే ఒక ఆయుధాన్ని నిషేధించడం చరిత్రలో అరుదు. ఈ ఒప్పందాన్ని గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాలని నా కోరిక.

ఇక 2025 ఏప్రిల్ 13. కర్నూలు దగ్గర ఉన్న జాతీయ పరీక్షా క్షేత్రంలో మన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని పరీక్షించింది. రూపొందించడంలో ముఖ్యపాత్ర హైదరాబాద్‌లో ఆ సంస్థకే చెందిన ఛెస్ ప్రయోగశాలది. రెక్కల డ్రోన్‌ను, గుంపుగా వచ్చిన చిన్న డ్రోన్లను కూల్చి చూపించింది. ఇది ఎంతటి శక్తో మన 70 లీటర్ల నీటితో కొలిచి చూడండి. ఆ కిరణంలో రవ్వంత కూడా వృథా కాకుండా నీటి మీదే పడినా, అంతా ఆవిరి కావడానికి గంటన్నర దాటుతుంది. డ్రోన్ కూలడానికి అంత అక్కర్లేదు. పలుచని రెక్కలో అరచేయంత మేర కాలినా, కెమెరా చెడినా చాలు.

ఆ యంత్రం పిడికిట్లో పట్టేది కాదు, వాహనం మీద మోసుకెళ్ళాలి. దానికి జనరేటరు కావాలి, చల్లబరిచే ఏర్పాటు కావాలి. కిరణం బయటికొచ్చే చోట మొన లేదు, విశాలమైన గుండ్రని అద్దం ఉంది. పనిచేస్తున్నప్పుడు కిరణం కంటికి కనబడదు, రవ్వలు రాలవు, చప్పుడు ఉండదు. ఆకాశంలో ఉన్న డ్రోన్ మీద ఒక చోట పొగ లేస్తుంది.